ఇసుకనేలలో మూషికబాధ



సేద్యమునకు గలుగు ఈతిబాధలు ఆఱని పెద్దలు లెక్కించిరి. అతివృష్టి, అనావృష్టి, మిడుతలు, ఎలుకలు, చిలుకలు, పొరుగురాజుల దండయాత్ర. ఆ రాజులు పోయిరి, ఎలుకలు పోలేదు. మూషికశబ్దమునకు మూలమైన ధాతువునకు దొంగిలించుట యని యర్థము. ఈ వ్యుత్పత్తిని పిల్లలకు నేండ్లతరబడి చెప్పితిని గాని, దాని సారము నా వేరుసెనగచేనిలోనే నాకు బోధపడినది.

అనంతపురము జిల్లాలో హగరి యనబడు వేదవతీనది యొడ్డున, కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతములలో ఇసుకదిబ్బలు గలవు. జిల్లాలో ఏటి వర్షము సగటున 550 మిల్లీమీటర్లకు మించదు. నైరృతిగాలి నదీగర్భమునందలి ఇసుకను లేపి పొలములపై బోయును. ఇట్టి నేలలో పెక్కు ప్రాణులు పగటి యెండకు బొరియలలో దాగి రాత్రులు మేతకు వెడలును. వానిలో పెద్ద కన్నులు, తెల్లని పొట్ట, తోకచివర వెండ్రుకల కుచ్చు గల యెలుక యొకటి. గింజలలోను ఆకులలోను ఉన్న తేమతోనే యది బహుదినములు గడపగలదు. అనావృష్టి మనలను బాధించినంతగా దానిని బాధింపదు.

నా తప్పు నొకటి చెప్పవలసియున్నది. చాల యేండ్ల క్రిందట మా గట్టుమీద దిరుగు జెఱ్ఱిపోతును నేనే చంపించితిని. దానికి విషము లేదు. ఎలుకలే దాని యాహారము. మఱుసటి పంటకు బొరియలు పెరుగగా, రక్తము గడ్డకట్టనీయని మందును తెచ్చి యెడాపెడా చల్లించితిని. అది తినిన యెలుక వెంటనే చావదు. కొన్ని దినములు తూలుచు బయట దిరుగును. కొలదిదినములకు పాడుమంటపములోని తెల్లమొగపు గుడ్లగూబ నేలబడి చచ్చియుండెను. మందువలననే యని నిరూపింపజాలను, కాని నాకు సందేహము లేదు. ఆ పిట్ట యింటిపై వ్రాలిన నశుభమని మా యమ్మ చెప్పెడిది. లేకపోయిన నేమగునో మఱుసటి యేడు చూచితిని. ఎలుక మూడునాలుగు వారములకే యీనును. తినువారు లేనిచో దాని సంతతికి మితి యెక్కడిది?

మందు వేయనే వలదని నా మతము కాదు. విత్తుటకు ముందు, చేలలో తిండి లేనప్పుడు వేయవలెను. సాయంకాలము బొరియలన్నిటిని మూసి, తెల్లవాఱిన పిదప తెఱవబడిన వానినే గుర్తింపవలెను. ఎలుక క్రొత్త తిండిని శంకించును గనుక రెండుదినములు 98 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె కలిపి మందు లేకయే పెట్టవలెను. మూడవనాడు 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల జింకు ఫాస్ఫైడు కఱ్ఱతో గలిపి, పది గ్రాముల పొట్లములుగా గట్టి, బొరియ లోపలికి ద్రోయవలెను. చేతితో గలుపరాదు. పిల్లలను, కుక్కలను, కోళ్లను దగ్గఱకు రానీయరాదు. చచ్చినవానిని ఏరి లోతుగా బూడ్చవలెను. జబ్బుపడి బ్రదికినది మరల నా మందును ముట్టదు. కావున ఊరివారందఱు ఒకేదినమున వేయవలెను. ఒక్కడు వేసిన ప్రక్కచేని యెలుకలు వానిచేనికి వచ్చును.

నెల్లూరి వైపున యానాదులు కుండలో గడ్డి రాజవేసి, బొరియలోనికి పొగ నూది, విషము లేకయే యెలుకలను బట్టుదురు. చిన్న కమతములకు నాకు నచ్చిన పద్ధతి యిది.

ధాన్యము యింటిలో చిందినచో ఎలుక వచ్చును. దానివెంట నాగుపామో రక్తపింజరయో వచ్చును. కావున గాదెను నేలకు ఎత్తుగా నుంచుడు. పాము కఱచిన మంత్రగాని యొద్దకు బోక, వెంటనే విరుగుడుమందు గల యాసుపత్రికి చేర్పుడు. మంత్రశాస్త్రము చదివినవాడనై యీ మాట చెప్పుచున్నాను.

ఇప్పుడు మా చేనిలో గూబలు వ్రాలుటకు అడ్డకొయ్యలు నాటించితిని. రెండేండ్లుగా మంటపములో నొక జంట కాపురముండుచున్నది. గూబ తాను మ్రింగిన యెలుకల యెముకలను, వెండ్రుకలను ఉండగా గక్కివేయును. మొన్న నా మనుమడు అట్టి యుండ నొకదానిని తెచ్చి పుల్లతో విప్పగా, అందులో రెండు పుఱ్ఱెలుండెను.