'నువ్వేం పని చేస్తావు?' అని అడిగే ముందు
ఆక్యుపేషనల్ థెరపీ శిక్షణలో భాగస్వామ్యం

ఆక్యుపేషనల్ థెరపీని తెలుగులో 'వృత్తి చికిత్స' అంటున్నారు. మన చర్చ ఈ మాట దగ్గరే మొదలు కావాలి. ఈ శాస్త్రంలో ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం ఒక్కటే కాదు. స్నానం చేయడం, అన్నం తినడం, కూలికి పోవడం, పిల్లల్ని ఆడించడం, పండగ చేసుకోవడం - మనిషి బతుకును నింపే పనులన్నీ అందులోకి వస్తాయి. పక్షవాతం వచ్చినా, చెయ్యి తెగినా, మనసు చెదిరినా మళ్లీ ఆ పనులు చేసుకునేలా తోడ్పడటం థెరపిస్టు బాధ్యత. కాని మన సమాజంలో వృత్తి అనగానే కులం ముందుకొస్తుంది. చచ్చిన గొడ్డును మోయడం, పాకీ పని ఎవరూ కోరి ఎంచుకున్నవి కావు. పుట్టుకతో అంటగట్టినవి.

మన దేశంలో ఈ చదువు 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో కమలా నింబ్‌కర్ చొరవతో మొదలైంది. డాక్టరు రాయడం, థెరపిస్టు చేయించడం, రోగి తలూపడం - ఈ పద్ధతి మీద విదేశాల్లోనే ప్రశ్నలు లేచాయి. వైద్యం కోసం వచ్చిన మనిషిని చికిత్సలో భాగస్వామిగా చూడాలన్న ఆలోచన కెనడా థెరపిస్టుల్లో బలపడింది. 1991లో వాళ్లు ఒక కొలమానం ప్రచురించారు. ఏ పనులు కష్టంగా ఉన్నాయో క్లయింటే చెప్పాలి. ఒక్కో పని తనకెంత ముఖ్యమో పదికి మార్కులు వేయాలి. ముఖ్యమైన అయిదింటి వరకు ఎంచుకుని, ఎంత బాగా చేయగలుగుతున్నాడో, ఎంత తృప్తిగా ఉన్నాడో మళ్లీ పదికి మార్కులు వేయాలి. కొన్నాళ్ల తర్వాత ఇదే మరోసారి. అంటే మార్కులు వేసే అధికారం థెరపిస్టు చేతిలోంచి క్లయింటు చేతికి వచ్చింది. ఇది చిన్న మార్పేమీ కాదు.

మరి ఫారం నింపితే భాగస్వామ్యం వచ్చేసినట్టేనా? ఒక ఉదాహరణ అనుకుందాం. డ్రైనేజీ శుభ్రం చేసే కాంట్రాక్టు కార్మికుడికి గాజుపెంకు కోసుకుని కుడిచేతి నరాలు దెబ్బతిన్నాయి. శిక్షణలో ఉన్న విద్యార్థి కాగితం మీద 'లక్ష్యం: తిరిగి పనిలో చేరడం' అని రాస్తాడు. పుస్తకం ప్రకారం తప్పు లేదు. కాని రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాలువలో దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఆ కాలువలోకే తిరిగి పంపడం పునరావాసమా? అడిగితే ఆ కార్మికుడు 'ఆటో నడపాలనుంది సార్, హ్యాండిల్ పట్టుకోగలనా?' అనేవాడేమో. అడగలేదు గదా!

మనుషుల్ని కొన్ని పనుల నుంచి వెలివేసి, కొన్ని పనులకే కట్టేయడాన్ని ఈ రంగంలోనే కొందరు 'ఆక్యుపేషనల్ అపార్థైడ్' అన్నారు. క్రోనెన్‌బర్గ్, అల్గాడో, పొలార్డ్‌ల సంపాదకత్వంలో 2005లో వచ్చిన 'ఆక్యుపేషనల్ థెరపీ వితౌట్ బోర్డర్స్' దీన్ని చర్చకు పెట్టింది. మనకు ఆ వివక్ష పేరు కులం.

ఇక భాష సంగతి. చొక్కా నలగని మనిషి వస్తే 'మీరు కూర్చోండి సార్' అంటాం. వాడ నుంచి వచ్చిన, తల్లి వయసున్న ఆమెను 'ఏమ్మా, చెయ్యెత్తు' అంటాం. ఊరు అడిగి, ఇంటిపేరు అడిగి, చివరికి 'మీరేమిట్లు?' దాకా పోతాం. ఇంత జరిగాక 'మీ లక్ష్యం ఏమిటి?' అంటే ఆమె ఏం చెబుతుంది? 'మీ ఇష్టం సార్' అంటుంది. దాన్ని అంగీకారం అని రాసుకుంటాం. నిజానికది తరాలుగా నేర్పిన మౌనం.

కాబట్టి శిక్షణ మారాలి. మొదటి సమావేశంలో విద్యార్థి వినడం మాత్రమే చేయాలి. లక్ష్యాన్ని క్లయింటు మాటల్లోనే రాసి, చదివి వినిపించి, 'ఇదేనా మీరన్నది?' అని అడగాలి. ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య కనీసం వెయ్యి గంటల క్షేత్రశిక్షణ ఉండాలంటోంది. అందులో కొంతైనా మాలవాడల్లో, మాదిగవాడల్లో, తండాల్లో జరగాలి. నేల మీద కూర్చుని తినే ఇంట్లో డైనింగు టేబులు అభ్యాసం ఎందుకు పనికిరాదో అక్కడే తెలుస్తుంది. బ్రిటన్‌లో సేవలు పొందేవాళ్లు కోర్సులో పాలుపంచుకోవాలన్న నిబంధన 2014లో వచ్చింది. మన కాలేజీలు కూడా వికలాంగులైన దళిత కార్మికుల్ని పాఠం చెప్పడానికి పిలవాలి. కూలి పోగొట్టుకుని వస్తారు కనుక గౌరవ వేతనం ఇవ్వాలి. విద్యార్థికి మార్కులు వేయడంలో వాళ్లకు వాటా ఉండాలి. వాడ నుంచే వచ్చిన విద్యార్థికి ఈ బతుకు ముందే తెలుసు. తరగతి ఆ తెలివిని జ్ఞానంగా ఒప్పుకోవాలి.

భాగస్వామ్యం అంటే మర్యాదగా మాట్లాడటం ఒక్కటే కాదు, నిర్ణయాన్ని పంచుకోవడం. 'నువ్వేం పని చేస్తావు?' అన్నది మన దేశంలో కులం అడిగే ప్రశ్న. 'మీరేం చేయాలనుకుంటున్నారు?' అన్నది విముక్తి ప్రశ్న. థెరపీ విద్యార్థి ముందుగా నేర్చుకోవలసింది ఈ రెండో ప్రశ్నే.