మన అడుగుకు తన అడుగు కలిపే దేవుడు

పలాస నుంచి సముద్రానికి ఒక రోజు నడక. ఏటా లెంట్ ఉపవాస దినాల్లో ఒక శనివారం మా సంఘస్థులం ఇరవై, ఇరవై అయిదు మందిమి తెల్లవారుజామున ప్రార్థన చేసుకుని బయలుదేరతాం. కాశీబుగ్గ దాటి, జీడి, కొబ్బరి తోటల మధ్యగా ఉద్దానం పల్లెల్లో నడుస్తూ వజ్రపుకొత్తూరు తీరానికి చేరతాం. టెక్కలి యువకులు కొందరు ముందురోజే రహదారి వెంట నడిచి వచ్చి రాత్రి చర్చిలో పడుకుంటారు. ఇసుకలో కూర్చుని ఆరాధన, ఆ తర్వాత ఆటోల్లో ఇంటికి. ఇంతే మా యాత్ర!

నడిస్తే పుణ్యం వస్తుందని కాదు. పాపక్షమాపణ సిలువ దగ్గర ఉచితంగా దొరికింది. దానికి మన కాళ్లనొప్పులు కలపవలసిన పనిలేదు. 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ తీర్థయాత్రలను విమర్శించింది అందుకే. అయినా విశ్వాసికీ నడకకూ విడదీయరాని బంధం ఉంది. కీర్తనల గ్రంథంలో 120 నుంచి 134 వరకు పదిహేను యాత్ర కీర్తనలున్నాయి. తొలి క్రైస్తవుల విశ్వాసానికి 'మార్గము' అనే పేరుండేది (అపొ. కార్య. 9:2). స్పెయిన్‌లోని సాంటియాగో యాత్ర పూర్తిచేసి 2024లో దాదాపు 5 లక్షల మంది ధ్రువపత్రం అందుకున్నారు. అది పొందాలంటే కాలినడకన కనీసం 100 కిలోమీటర్లు నడవాలి.

మన ప్రాంతానికీ అలాంటి ప్రయాణికుడు ఒకాయనున్నాడు. తెలుగు క్రైస్తవులకు ఎన్నో కీర్తనలిచ్చిన పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టారు. సత్యాన్ని వెదుకుతూ ఊళ్లు తిరిగి, చివరికి 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. ఈ తీరం వెంట రైలు వచ్చింది 1890లలో. అప్పటికి కాళ్లు, బళ్లు, పల్లకీలే దిక్కు! ఆయనకు చేతిలో ధ్రువపత్రం లేదు గాని హృదయంలో పాట ఉంది.

నిరుటి నడకలో నాకొక పాఠం దొరికింది. దారంతా జీడిపండ్ల వాసన. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన కొబ్బరిచెట్ల స్థానంలో నాటిన మొక్కలు ఎదిగి నిలబడ్డాయి. ఎండెక్కకముందే తీరం చేరాలన్న తొందరలో నేను అందరికంటే ముందు నడుస్తున్నాను. ఒక పల్లెలో అరుగుమీద కూర్చున్న మనిషిని చూసి ఆగాను. కొన్నేళ్ల క్రితం మా నడకలో పాటలు ఎత్తుకున్నది ఆయనే. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం పలాస వెళ్లివస్తున్నాడు. ఉద్దానంలో ఈ కిడ్నీ వ్యాధి తాకని ఊరు అరుదు. దానికి కచ్చితమైన కారణమేమిటో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాక దూరాభారం కొంత తగ్గింది. భయం మాత్రం తగ్గలేదు.

"ఈపాలి నానూ ఒస్తాను అయ్యగారూ, ఊరు దాటేదాకానే" అన్నాడు. పైకి సరేనన్నాను గాని నా కళ్లు గడియారం మీదికి వెళ్లాయి. దాచడమెందుకు? ఈయన వస్తే ఆలస్యమైపోతుందే అనుకున్నాను. ఇంతలో జీడిపిక్కలు కొట్టి కొట్టి చేతులు నల్లబడిన ఒక అవ్వ ముందుకొచ్చి "రా నాయనా" అని ఆయన చెయ్యి పట్టుకుంది. ముందు వెళ్లినవాళ్లు వెనక్కి వచ్చారు. కిలోమీటరు నడవడానికి గంట పట్టింది. ఆయన తాగే నీటికి కొలత ఉంది, ఒక్క గుక్కతో పెదాలు తడుపుకున్నాడు. అది చూసి కుర్రాళ్లు ఎవరూ చెప్పకుండానే తమ నీళ్లసీసాలు సంచుల్లో పెట్టేసుకున్నారు. ఊరి చివర చింతచెట్టు కింద ఆగాం. ఆయన తన స్వస్థత కోసం ప్రార్థించలేదు. ముందుకు వెళ్లే మా కాళ్ల కోసం ప్రార్థించాడు! నాకు కళ్లెత్తి చూడడానికి సిగ్గనిపించింది. మేము తీరం చేరేసరికి పొద్దు వాలింది. కాని మా ఆరాధన అప్పటికే ఆ చెట్టు కింద జరిగిపోయింది.

ఎమ్మాయు దారి గుర్తొచ్చింది (లూకా 24:13-35). యెరూషలేముకు ఆమడ దూరంలోని ఆ ఊరికి, అంటే ఇంచుమించు 11 కిలోమీటర్లు, ఇద్దరు శిష్యులు దుఃఖంతో నడుస్తున్నారు. ఆశ కోల్పోయి యెరూషలేమును విడిచి వెళ్లిపోతున్నవాళ్లు వాళ్లు. మరణాన్ని జయించిన ప్రభువు ఆ రోజు ఎక్కడికైనా వెళ్లగలడు. దేవాలయంలో ప్రత్యక్షమై ప్రధానయాజకుణ్ణి నిర్ఘాంతపరచగలడు. కాని ఆయన అలసిన ఇద్దరు మనుషుల పక్కకు వచ్చి, వాళ్ల అడుగుకు తన అడుగు కలిపాడు. వెనక్కి తిరగమని గద్దించలేదు. ముందు వాళ్ల బాధ అడిగి విన్నాడు, ఆ తర్వాతే లేఖనాలు విప్పి చెప్పాడు. సాయంత్రం అపరిచితుణ్ణి తమతో ఉండమని బతిమాలి భోజనానికి కూర్చోబెట్టినప్పుడు వాళ్ల కళ్లు తెరుచుకున్నాయి. అప్పుడు ఎవరూ చెప్పకుండానే అదే రాత్రి యెరూషలేముకు తిరిగి నడిచారు!

దేవుని సేవలో మనం పరుగులు తీస్తూ, మనతో నడవలేనివాళ్లను అరుగుమీదే వదిలేస్తున్నామా? మంచాన పడిన తల్లి, మందులకు అప్పులైన పొరుగువాడు, ఆదివారం చర్చికి రావడం మానేసిన మిత్రుడు మన వేగానికి ఆటంకాలుగా కనిపిస్తున్నారేమో! నేను అలా చూశాను గనుకే అడుగుతున్నాను. మన బలహీనతలో ప్రభువు మనల్ని వదిలి ముందుకు వెళ్లిపోయి ఉంటే ఈరోజు మనమెక్కడుండేవాళ్లం? ఈ వారం ఒక్క ఇంటికి నడిచి వెళ్దాం. గడియారం చూడకుండా ఒక గంట కూర్చుందాం. రమ్మంటే ఆ మనిషి చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడుద్దాం. ఎమ్మాయు దారిలో నడిచిన ప్రభువు ఆ వీధిలో మన పక్కనే ఉంటాడు.