ప్రణాళికా అధ్యయనాల స్నాతకోత్తర డిప్లొమా నియమావళి: పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

విశ్వవిద్యాలయాల డిప్లొమా నియమావళులను ప్రవేశం, హాజరు, పరీక్షలకు పరిమితమైన పాలనాపత్రాలుగా చూడడం పరిపాటి. ప్రణాళికా అధ్యయనాల విషయంలో ఆ చూపు సరిపోదు. రేపు భూవినియోగాన్ని నిర్ణయించబోయే వ్యక్తికి ఏమి తెలిసి ఉండాలో ముందుగా నిర్ణయించేది ఆ నియమావళే. దాని చట్టపరమైన ఆధారాలను, ప్రధానాంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని, క్షేత్రాధ్యయనానికీ తెలుగు భూరికార్డుల పఠనానికీ నియమావళిలో క్రెడిట్ల రూపంలో స్థానం ఉండాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పట్టణ ప్రణాళిక, స్నాతకోత్తర డిప్లొమా, క్రెడిట్లు, క్షేత్రాధ్యయనం, భూరికార్డులు, పటాన్‌చెరు.

1. ఉపోద్ఘాతం

ఒక కర్మాగారం ఎక్కడ రావాలి, దాని పక్కన నివాసాలు ఉండవచ్చా, వాననీరు ఏ దారిన పోవాలి అనే ప్రశ్నలకు సమాధానాలు భూవినియోగ పటంపై రంగులుగా కనిపిస్తాయి. ఆ రంగులను నిర్ణయించేవారికి తగిన శిక్షణ ఉందా అన్నది ప్రజాజీవితానికి సంబంధించిన ప్రశ్న. 2021 సెప్టెంబరులో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదిక ప్రకారం దేశంలోని రాష్ట్ర ప్రణాళికా విభాగాలకు 12,000కు పైగా పట్టణ ప్రణాళికాధికారులు అవసరం. మంజూరైన పోస్టులు నాలుగు వేలకు లోపు. వాటిలోనూ 42 శాతం ఖాళీ. అనేక రాష్ట్రాలలో ఆ ఉద్యోగాలకు ప్రణాళికా విద్య తప్పనిసరి అర్హత కాదని కూడా ఆ నివేదిక గుర్తించింది.

ఈ లోటును తీర్చే మార్గాలలో ఏడాది వ్యవధి గల స్నాతకోత్తర డిప్లొమా ఒకటి. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న ఇంజనీరు, రెవెన్యూ ఉద్యోగి, పంచాయతీ అధికారి తక్కువ కాలంలో అందుకోగల చదువు ఇది. వ్యవధి తక్కువ కనుకనే ఏది చేర్చాలి, ఏది విడిచిపెట్టాలి అనే నిర్ణయం ఇక్కడ మరింత బరువైనది.

2. డిప్లొమాకు చట్టపరమైన ఆధారం

డిగ్రీకీ డిప్లొమాకూ మధ్య చట్టరీత్యా భేదముంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం చట్టం, 1956లోని 22వ సెక్షన్ ప్రకారం ఆ సంఘం నిర్దేశించిన పేర్లతోనే డిగ్రీలను ప్రదానం చేయాలి. డిప్లొమా ఆ సెక్షన్ పరిధిలోని డిగ్రీ కాదు. అందువల్ల డిప్లొమా స్వరూపాన్ని తీర్చిదిద్దడంలో విశ్వవిద్యాలయంలోని పాఠ్యప్రణాళికా సంఘానికీ విద్యామండలికీ ఎక్కువ స్వేచ్ఛ, దానితోపాటు ఎక్కువ బాధ్యత ఉంటాయి.

అఖిల భారత సాంకేతిక విద్యామండలి చట్టం, 1987 సాంకేతిక విద్యకు ఇచ్చిన నిర్వచనంలో పట్టణ ప్రణాళిక కూడా ఉంది. అయితే విశ్వవిద్యాలయం సాంకేతిక కోర్సును ప్రారంభించడానికి ఆ మండలి ముందస్తు అనుమతి అక్కరలేదని, ప్రమాణాలను మాత్రం పాటించాలని సుప్రీంకోర్టు 2001లో భారతిదాసన్ విశ్వవిద్యాలయం కేసులో స్పష్టం చేసింది. విశ్వవిద్యాలయం కాని సంస్థల పరిస్థితి వేరు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ నిర్వహించే ఏడాది గ్రామీణాభివృద్ధి నిర్వహణ డిప్లొమా ఆ మండలి ఆమోదంతో నడిచినది. కోర్సులో చేరదలచినవారు నియమావళిలో ముందుగా చూడవలసింది ఈ ఆధారాన్నే. ఉద్యోగ నియామక ప్రకటనలోని అర్హతతో డిప్లొమా సరిపోలుతుందా అన్నది ఆ తరువాతి ప్రశ్న.

3. నియమావళిలోని ప్రధానాంశాలు

3.1 ప్రవేశార్హత: ప్రణాళిక పలు శాస్త్రాల కూడలి. వాస్తుశిల్పం, సివిల్ ఇంజనీరింగ్ చదివినవారితోపాటు భూగోళశాస్త్రం, అర్థశాస్త్రం, సామాజికశాస్త్రం చదివినవారికీ అందులో పాత్ర ఉంది. అర్హతా నియమం ఇంజనీరింగ్ పట్టానే కోరితే తరగతి గదిలో రోడ్డు వెడల్పు గురించి చర్చ సాగుతుంది గాని, ఆ రోడ్డు కోసం భూమి కోల్పోయేవారి గురించి అడిగేవారు తగ్గుతారు.

3.2 క్రెడిట్లు: 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం ఏడాది చదువు 1200 అభ్యసన గంటలకు, అంటే 40 క్రెడిట్లకు సమానం. సెమిస్టరులో ఒక క్రెడిట్ ఉపన్యాసానికి 15 గంటలు కేటాయిస్తే, ఒక క్రెడిట్ క్షేత్రకార్యానికి 30 గంటలు కేటాయించాలి. ఈ లెక్క ఫలితం గమనించదగినది. నాలుగు క్రెడిట్ల క్షేత్రాధ్యయనం అంటే 120 గంటలు. పదిహేను వారాల సెమిస్టరులో అది వారానికి 8 గంటలు, అంటే ఒక పూర్తి పనిదినం. క్షేత్రానికి క్రెడిట్లు కేటాయించని నియమావళిలో అదే పని ఒక్కరోజు విహారంగా మిగిలే ప్రమాదముంది.

3.3 స్టూడియో: ప్రణాళికా విద్యలో స్టూడియో అంటే ఒక నిజమైన ప్రదేశాన్ని ఎంచుకొని సర్వే, విశ్లేషణ, ప్రతిపాదన అనే దశలను బృందంగా పూర్తిచేసే అభ్యాసం. 1914లో భారతదేశానికి వచ్చిన ప్యాట్రిక్ గెడ్డెస్ ప్రణాళికకు ముందు సర్వే జరగాలని నొక్కిచెప్పాడు. స్టూడియోకు మూలం ఆ సూత్రమే. దీన్ని వార్షిక పరీక్షతో కొలవలేరు. అందుకే అంతర్గత మూల్యాంకనం, బాహ్య పరీక్షకుని సమక్షంలో మౌఖిక సమర్థన, బృందంలో ప్రతి విద్యార్థి చేసిన పనికి విడిగా మార్కులు అనే మూడు అంశాలను నియమావళి స్పష్టంగా చెప్పాలి.

3.4 కొనసాగింపు: 2024లో వెలువడిన స్నాతకోత్తర పాఠ్యప్రణాళికా మార్గదర్శకాలు, రెండేళ్ల కోర్సులో మొదటి ఏడాది ముగించి వైదొలగేవారికి డిప్లొమా ఇచ్చే వీలు కల్పించాయి. 2021 నాటి అకడమిక్ బ్యాంక్ నిబంధనల కింద క్రెడిట్లను గరిష్ఠంగా ఏడేళ్ల వరకు నిలువ చేసుకోవచ్చు. ఉద్యోగం చేస్తూ చదివేవారికి ఇది ప్రయోజనకరం.

4. పటాన్‌చెరు చూపే అవసరం

పై నియమాల విలువ ఏమిటో తెలియాలంటే వాటిని ఒక ప్రదేశం మీద పెట్టి చూడాలి. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జిన్నారం పరిసరాలలో పరిశ్రమలు విస్తరించాయి. రసాయన, ఔషధ కర్మాగారాల వ్యర్థజలాలు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరా వైపు చేరాయి. ఈ కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. 1990లలో ఉమ్మడి వ్యర్థజల శుద్ధికేంద్రం వచ్చింది. సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను స్వీకరించే ఆ కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు స్వీడన్ శాస్త్రజ్ఞుల బృందం 2007లో ప్రచురించింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి రూపొందించిన సూచికలో పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతం 70.07 మార్కులతో తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేరింది.

ఇదే జిల్లాలోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు లభించింది. కాలుష్యం మోసిన వాగు, రక్షణ పొందిన చెరువు ఒకే పారిశ్రామిక పరిసరాలలో ఉండడం ప్రణాళికా విద్యార్థికి పుస్తకంలో దొరకని పాఠం.

పాలనా పరిధుల చిక్కు కూడా ఇక్కడే తెలుస్తుంది. పటాన్‌చెరు పట్టణం 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసింది. 2008లో ఏర్పడిన మహానగరాభివృద్ధి సంస్థ రూపొందించిన 2031 ప్రణాళిక 2013లో అమలులోకి వచ్చింది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. పారిశ్రామిక వాడల బాధ్యత పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థది, కాలుష్యంపై నిఘా కాలుష్య నియంత్రణ మండలిది. రాజ్యాంగంలోని 243జెడ్‌డి, 243జెడ్‌ఇ అధికరణాలు జిల్లా, మహానగర ప్రణాళికా సంఘాలను నిర్దేశించాయి. ఒకే వాగు ఇన్ని కార్యాలయాల పరిధులను దాటి ప్రవహిస్తుంది. ఏ నిర్ణయం ఎవరిదో గుర్తించడం స్టూడియోలో ఇవ్వదగిన మొదటి అభ్యాసం.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పదార్థాల కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా మరణించారు. మృతులలో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కార్మికులు అనేకులు. పేలుడు కారణాల నిర్ధారణ విచారణ సంస్థల పని. కార్మికుల నివాసం ఎంత దూరంలో ఉండాలి, అగ్నిమాపక వాహనానికి ఎన్ని దారులు ఉండాలి, సమీప ఆసుపత్రి ఎక్కడ అన్నవి మాత్రం ప్రణాళికాకారుడు ప్రమాదానికి ముందే అడగవలసిన ప్రశ్నలు.

5. భాషా సామర్థ్యం

ప్రణాళికా పటం ఇంగ్లీషులో ఉండవచ్చు. దాని కింద ఉన్న భూమి చరిత్ర మాత్రం సేత్వార్‌లో, ఖాస్రా పహాణీలో, గ్రామ పటాలలో ఉంటుంది. ‘శిఖం’ అనే మాటకు చెరువు గర్భంలోని భూమి అని తెలియని విద్యార్థి, ఎండాకాలంలో ఎండి కనిపించే నేలను ఖాళీ స్థలంగా గుర్తించవచ్చు. ‘నాలా’ మరింత జాగ్రత్త కోరే పదం. వ్యవహారంలో అది నీరు పారే కాలువ. రెవెన్యూ కార్యాలయంలో ‘నాలా మార్పిడి’ అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతర వినియోగానికి మార్చడం. ఈ రెంటి భేదం తెలియనివాడు నీటిదారికీ అనుమతి పత్రానికీ మధ్య పొరబడతాడు.

ప్రజాభిప్రాయ సేకరణలోనూ భాషదే కీలకస్థానం. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలి. విచారణ చివర సభలో వచ్చిన అభిప్రాయాలను ఆ భాషలో చదివి వినిపించాలి. అదే ప్రకటన, ఆమోదం పొందిన పారిశ్రామిక వాడల్లోని ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపునూ కల్పించింది. అందువల్ల వాడను ఆమోదించే తొలి దశలోనే ప్రజల మాట వినడం ముఖ్యమవుతుంది. ఆ దశలో కూర్చునేది ప్రణాళికాకారుడే.

6. ముగింపు

డిప్లొమా నియమావళిలో మూడు అంశాలు స్పష్టమైన నియమాలుగా ఉండడం అవసరం. మొదటిది, కనీసం నాలుగు క్రెడిట్ల క్షేత్రాధ్యయనం ఒకే ప్రాంతంలో, ఒక సెమిస్టరు పొడవునా సాగాలి. రెండవది, భూరికార్డుల పఠనం ఒక పాఠ్యాంశంగా, అందులో ఉత్తీర్ణత తప్పనిసరిగా ఉండాలి. మూడవది, స్టూడియో నివేదిక సారాంశాన్ని విద్యార్థి తెలుగులో రాసి, సర్వే చేసిన గ్రామంలోనే వినిపించాలి. అక్కడ వచ్చిన అభ్యంతరాలను, వాటికి తానిచ్చిన సమాధానాలను నివేదికకు జతచేసి మూల్యాంకనానికి సమర్పించాలి. వీటికి కొత్త చట్టమేదీ అక్కరలేదు. డిప్లొమా విషయంలో విశ్వవిద్యాలయానికి ఇప్పటికే ఉన్న స్వేచ్ఛ చాలు. పాఠ్యప్రణాళికా సంఘం తీర్మానం చేసి, విద్యామండలి ఆమోదిస్తే, తరువాతి విద్యాసంవత్సరంలో చేరే విద్యార్థులు వారానికి ఒక రోజు నక్కవాగు గట్టున నడుస్తూ చదువుకొనగలుగుతారు.