పండుగకు అల్లం మురబ్బా



దీపావళి దగ్గరికొస్తే మన ఇళ్లలో నూనె మూకుడు పొయ్యి దిగదు. కజ్జికాయలు, మురుకులు, అరిసెలు ఒకదాని వెనక ఒకటి వేగుతూనే ఉంటాయి. అవన్నీ తిన్నాక కడుపు బరువెక్కితే ఒక ముక్క నోట్లో వేసుకునేది అల్లం మురబ్బా. మా హోసూరు వైపు తమిళుల ఇళ్లలో దీన్ని ఇంజి మొరప్పా అంటారు. పండుగనాడు తెల్లవారుజామున తలంటు పోసుకున్నాక వాళ్లు నాకించే దీపావళి లేహ్యం వేరు. అది శొంఠి, మిరియాలు, ఓమ వేసి బెల్లంతో, నెయ్యితో చేసే మెత్తటి ముద్ద. మురబ్బా ముక్కలుగా కోసుకునే మిఠాయి. మురబ్బా అరబ్బీ మాట, నిలవ పెట్టినదని అర్థం. ఉత్తరాదిన మురబ్బా అంటే పాకంలో ఊరిన ఉసిరికాయలు గుర్తొస్తాయి. మన వైపు మాత్రం అది పలకలా గట్టిపడిన అల్లం మిఠాయి.

ఇందులో పడేవి నాలుగే వస్తువులు. నూనె అక్కర్లేదు. అరగంట పని. అయినా చాలామంది అంగట్లోనే కొంటారు. ఎందుకంటే పాకమంటే భయం. అవ్వ ఉన్నంతకాలం అవ్వ చేసింది, ఆమె పోయాక "అది ఆమె హస్తవాసి" అని మనం ఊరుకున్నాం. ఆమె కొలత గ్లాసుతో చెప్పలేదు, గడియారం చూడలేదు. అందుకని ఆ విద్య ఆమెతోనే పోయిందనుకుంటాం. నిజానికి పాకంలో హస్తవాసి ఏమీ లేదు. ఉన్నదంతా నీళ్ల లెక్క. ఆ లెక్క తెలిస్తే కొత్తగా పెళ్లయిన అమ్మాయి కూడా మొదటిసారే చేయగలదు.

అంగడికి వెళ్లేముందు ఒక చిన్న జాగ్రత్త. మనకు పచ్చిది అల్లం, ఎండినది శొంఠి. తమిళంలో పచ్చిది ఇంజి, ఎండినది సుక్కు. కన్నడంలో మాత్రం శుంఠి అంటే పచ్చిదే, ఎండినది కావాలంటే ఒణ శుంఠి అని అడగాలి. మన ఊళ్లలో మూడు భాషల అంగళ్లూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి శొంఠి అడిగి అల్లం తెచ్చుకోవడం మామూలే. ఈ మిఠాయికి పచ్చి అల్లమే కావాలి, అదీ లేతది. ముదురు అల్లం పీచు పంటికి తగులుతుంది.

చెక్కు తీశాక 100 గ్రాములు తూగే అల్లాన్ని సన్నగా తరిగి, నాలుగైదు చెంచాల నీళ్లు చేర్చి మెత్తగా రుబ్బండి. దానికి 300 గ్రాముల చక్కెర. తక్కెడ లేకపోతే గ్లాసు ముద్దకు రెండు గ్లాసుల చక్కెర అనుకోండి. రెండు పెద్ద చెంచాల నెయ్యి, నాలుగు యాలకుల పొడి. ఇష్టమైతే జాజికాయను రాతిమీద రెండు చుట్లు అరగదీసి కలపవచ్చు. నాకైతే రెండు మిరియాలు దంచి వేస్తేనే పండుగ వాసన వస్తుంది. మా ఇంట్లో పిల్లలు దీనికి ఒప్పుకోరు, అది వేరే సంగతి.

అడుగు మందంగా ఉన్న బాణలిలో ముద్ద, చక్కెర కలిపి సన్న సెగమీద పెట్టండి. చక్కెర పూర్తిగా కరిగేదాకా ఉడుకు పట్టనివ్వకూడదు. అంచుల్లో అంటుకున్న పలుకులను తడిగుడ్డతో తుడిచేయండి. ఆ పలుకు ఒక్కటి లోపల పడినా దాని చుట్టూ మిగతా చక్కెర పేరుకుంటుంది, మిఠాయి గరుకుగా వస్తుంది.

ఇక పాకం సంగతి. ఎనిమిదో తరగతి పిల్లలకు ద్రావణాల పాఠం చెప్పేటప్పుడు నేను ఈ బాణలినే ఉదాహరణగా చెబుతాను. మామూలు వేడిలో 100 గ్రాముల నీళ్లలో దాదాపు 200 గ్రాముల చక్కెర కరుగుతుంది. మరిగే నీళ్లలో అంతకు రెట్టింపు కన్నా ఎక్కువే కరుగుతుంది. ఉడికేకొద్దీ నీళ్లు ఆవిరై పోతాయి, చక్కెర పోదు. నీళ్లు తగ్గేకొద్దీ పాకం వేడి 100 డిగ్రీలు దాటి పైకి పోతుంది. అంటే పాకం ఎంత వేడిగా ఉందో చెప్పగలిగితే అందులో ఎంత నీరు మిగిలిందో చెప్పినట్టే. తీగపాకం, ఉండపాకం అని అవ్వలు పెట్టిన పేర్లు ఈ మెట్లకే. కన్నడంలో ఒందెళె పాక అన్నా, తమిళంలో ఒరు కంబి పదం అన్నా అది మన ఒంటి తీగపాకమే. మురబ్బాకు తీగ చాలదు. 115 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర వచ్చే ఉండపాకం కావాలి.

థర్మామీటరు అక్కర్లేదు. చిన్న గిన్నెలో చల్లటి నీళ్లు పక్కన పెట్టుకోండి. బుడగలు పెద్దవి పోయి చిన్నవిగా, చిక్కగా వస్తున్నప్పుడు పొయ్యి తగ్గించి ఒక చుక్క నీళ్లలో వేయండి. కరిగి పరుచుకుంటే ఇంకా ఉడకాలి. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండగా వస్తే అదే పదును. గిన్నెకు తగిలి టంగున మోగితే పాకం ముదిరిపోయిందన్నమాట. చూస్తున్నంతసేపు పొయ్యి మండుతూ ఉంటే ఈ మూడో మెట్టు క్షణంలో వచ్చేస్తుంది. అందుకే సెగ తగ్గించమన్నది.

ఉండ రాగానే నెయ్యి, యాలకుల పొడి వేసి ఆపకుండా కలపండి. పాకం నురగలా పొంగి, అంచుల్లో తెల్లగా ఆరినట్టు కనిపిస్తుంది. వెంటనే దించి ఇంకో నిమిషం కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో పోయండి. రెండు మూడు నిమిషాల్లోనే గట్టిపడుతుంది కాబట్టి గోరువెచ్చగా ఉండగానే చాకుతో గీతలు పెట్టాలి. ముక్క గట్టిపడక సాగుతుంటే మళ్లీ పొయ్యిమీద పెట్టండి. రాయిలా అయితే అరగ్లాసు నీళ్లు పోసి కరిగించి, మొదటినుంచి పాకం పట్టండి. పారేయాల్సిన పని లేదు.

బెల్లంతో చేయకూడదా అని అడుగుతారు. చేయవచ్చు, కాని అది పలకగా విరగదు, సాగుతుంది. బెల్లంలో చక్కెరతోపాటు గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉంటాయి, అవి పలుకు కట్టనివ్వవు. నిమ్మరసం చుక్కలు వేసినా ఇదే జరుగుతుంది. జామూన్ పాకానికి అది మంచిది, మురబ్బాకు కాదు.

పాలకోవా కలిపి మెత్తటి బర్ఫీలా చేసుకోవాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోండి. పచ్చి అల్లంలో పాలను విరిచే ఎంజైము ఉంది. అల్లం చక్కెరతో బాగా ఉడికాకే పాలు గాని, కోవా గాని చేర్చాలి. ఉడికితే ఆ ఎంజైము చచ్చిపోతుంది. టీలో పాలు విరగడానికి కూడా చాలాసార్లు కారణం ఇదే.

ఇంకొక మాట కాస్త గట్టిగానే చెప్పాలి. అల్లం మందు కదా అని చక్కెర జబ్బున్న పెద్దలు నాలుగు ముక్కలు తినేస్తుంటారు. ఈ కొలతతో 40 ముక్కలు చేస్తే ఒక్కొక్క ముక్కలో 7 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, అంటే దాదాపు చెంచాన్నర. అల్లం గొంతులో మండినంత మాత్రాన ఆ చక్కెర ఎక్కడికీ పోదు. వారికి అల్లం రసంతో చేసిన చారు పెట్టండి.

పాకం పోసేటప్పుడు చిన్నపిల్లలను వంటింట్లోకి రానివ్వకండి. మరిగే నీళ్లకన్నా వేడిది, చర్మానికి అంటుకుంటే ఊడదు. పొరపాటున పడితే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచాలి. పేస్టు, సిరా, వెన్న ఏవీ పూయకూడదు. బొబ్బలు వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

దీపావళి నాటికి మన వైపు ఈశాన్య రుతుపవనాల వాన పడుతూ ఉంటుంది. చక్కెర గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, ముక్కలు పూర్తిగా చల్లారాక బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో నెయ్యి కాగితం పరిచి పెట్టండి. తడి చేత్తో డబ్బా ముట్టకుండా ఉంటే రెండు వారాలు హాయిగా ఉంటుంది, అంతకాలం ఇంట్లో మిగిలితే.