విషము పేరు తెలిసినంత మాత్రాన

మన కోలారు జిల్లా తెలుగు ఇళ్ళలో అపరాధ పరిశోధక నవల పట్టనివారు అరుదు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు మన పెద్దలకు చుట్టాల వంటివారు. ఆ నవలల్లో సయనైడు మాట వస్తే తక్కిన ఊళ్ళవారికి ఒళ్ళు జలదరించవచ్చు. మనకు మాత్రం అది దారిలో కనిపించే వస్తువు. బంగారుపేటలో బండి మారి మారికుప్పం వైపు వెళ్ళేవారికి కిటికీలోనుంచి కనిపించే బూడిదరంగు గుట్టలను సయనైడు దిబ్బలనే అంటాము గదా! పొడిచేసిన రాతిని పలుచని సయనైడు నీళ్ళలో కలిపితే అందులోని బంగారం కరిగి నీటిలోకి వస్తుంది. జింకు వేసి దానిని మళ్ళీ బయటికి తీస్తారు. మిగిలిన మన్నే ఆ దిబ్బలు. గనులు 2001లో మూతబడినవి గాని, మూడు కోట్ల టన్నులకు పైగా ఉన్న ఆ మన్ను ఎక్కడికీ పోలేదు.

ఇక నవలల్లోని శాస్త్రజ్ఞుని సంగతి. ఆంగ్లంలో ఆస్టిన్ ఫ్రీమన్ 1907లో సృష్టించిన డాక్టరు థార్న్‌డైక్, ఒక పచ్చని పెట్టెలో చిన్న ప్రయోగశాలనే పెట్టుకొని హత్య జరిగిన చోటికి తానే వెళ్తాడు. శవాన్ని చూస్తాడు, నేలమీది ధూళి ఏరుతాడు, చివరకు హంతకుని పేరూ తానే చెబుతాడు. సయనైడు పేరునే నవలకు పెట్టిన అగాథా క్రిస్టీకి మందుల సంగతి నిజంగానే తెలుసు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆమె ఆసుపత్రి మందులగదిలో పనిచేసినది.

నిజమైన ప్రయోగశాల ఉద్యోగి అదృష్టం అటువంటిది కాదు. మన రాజధానిలోని మడివాళ ప్రయోగశాలలో కూర్చున్న ఆయన వద్దకు హత్య రాదు, సీసా వస్తుంది. శవపరీక్ష చేసిన డాక్టరు కడుపులోని భాగాలను చిక్కటి ఉప్పునీటిలో వేసి, లక్కముద్ర వేయించి, పోలీసుల చేతికిస్తాడు. ఫార్మలిను పోస్తే పరీక్ష చెడుతుంది. వాడిన ఉప్పునీటి మచ్చు కూడ వేరొక సీసాలో పంపాలి. లేనిచో విషము ఆ నీటిలోనే ఉన్నదని ప్రతివాది వకీలు అనవచ్చును. సయనైడుకు చేదు బాదం వాసన ఉంటుందని నవలలన్నీ చెబుతాయి. నిజమే గాని, పుట్టుకతోనే ఆ వాసన పట్టలేనివారు చాలమంది ఉన్నారు. అందుచేత ముక్కును నమ్మరు. సీసాలోని పదార్థాన్ని బట్టీపట్టి, వచ్చిన ద్రవంలో క్షారమూ అన్నభేదీ వేసి, కాచి, ఆమ్లము పోస్తే ముదురు నీలం తేలుతుంది. చిత్రకారులు వాడే ప్రష్యన్ నీలము అదే. ఆ రంగునుండే షీలే అనే స్వీడను రసాయనికుడు 1782లో ఈ విషాన్ని మొదట వేరుచేశాడు.

నీలం తేలినది, రిపోర్టు వ్రాశారు. అటుపైన?

1952 ఆగస్టులో మద్రాసునుండి వెళ్ళిన బోట్ మెయిలులో, మానామదురై వద్ద, ఒక ట్రంకుపెట్టెలో తలలేని శవం దొరికినది. తల రాయపురం సముద్రపు ఒడ్డున ఇసుకలో దొరికినది. రెండింటికీ మధ్య వందల మైళ్ళు. రెండూ మద్రాసు మెడికల్ కాలేజీకి, డాక్టరు సి.బి. గోపాలకృష్ణగారి బల్లమీదికి వచ్చినవి. రెండూ ఒకే మనిషివని ఆయన తేల్చారు. ఆళవందార్ కేసని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకునేది ఇదే. అందులో ప్రొఫెసరుగారి తెలివి ఎంతో, రెండు ముక్కలనూ ఒకే బల్లమీదికి చేర్చినవారి శ్రద్ధ కూడ అంత అని మేమనుకుంటాము.

మన రాష్ట్రంలోనే అది జరగని కేసున్నది. 2003 మొదలు 2009 వరకు మైసూరు, మడికేరి, హాసను, బెంగుళూరు మొదలైన ఊళ్ళ బస్సుస్టాండు మరుగుదొడ్లలో, లోపల గడియ వేసి ఉండగా, చక్కని చీరలు కట్టుకొన్న స్త్రీల శవాలు దొరుకుతూ వచ్చినవి. ఒంటిమీద నగలు లేవు. చాలమందికి ఊరూ పేరూ తెలియలేదు. కొందరిలో సయనైడు ఉన్నదని పరీక్షల్లో తేలినది కూడ. శాస్త్రము తన పని చేసినది! కాని ఒక్కొక్క స్టేషనువారు తమ శవాన్ని తామే చూచుకొన్నారు. ఆత్మహత్య, అసహజ మరణము అని వ్రాసి కట్ట కట్టారు. ఒక పేద యింటి పిల్లకు నగలపనివారు వాడే సయనైడు ఎక్కడిది, నగలు ఏమైనవి అని అడిగినవారు కనబడరు. ప్రయోగశాలను అడిగినది ఒక్కటే ప్రశ్న. దానికి జవాబు వచ్చినది.

2009లో బంట్వాళ ప్రాంతపు అమ్మాయి ఒకతె కనబడకపోయినది. ఆమె తరపువారు ఊరుకోలేదు, గొడవ చేశారు. పోలీసులు టెలిఫోను లెక్కలు పట్టుకొని పోగా మోహన్ కుమార్ అనే బడిపంతులు దొరికాడు. పెళ్ళి చేసుకుంటానని నమ్మించి తీసుకొనిపోవడం, మరునాడు నగలు గదిలో ఉంచమని చెప్పి బస్సుస్టాండులో మాత్ర ఇవ్వడం, ఇదీ అతని పద్ధతి. కంసాలినని చెప్పి సయనైడు కొన్నాడట. ఇరువది హత్యల కేసులు పెట్టారు. ఇరువదవ దానిలో తీర్పు 2020 జూనులో వచ్చినది.

అతను దొరికిన తరువాతనే పాత కట్టలు విప్పారు. అంతవరకు కొన్ని ఇళ్ళలో, పిల్ల ఎవరినో చేసుకొని దూరాన ఎక్కడో కాపురం చేసుకుంటున్నదని, ఎప్పుడో ఒక పండుగకు వస్తుందని అనుకుంటూ ఉన్నారు.