తుపాకి ‘మిస్‌ఫైర్’: పిస్టల్ ట్రిగ్గర్ మార్పులు, భద్రతా యంత్రాంగం – ఒక వివరణ

వ్యాససంగ్రహం:
పిస్టల్ ట్రిగ్గర్‌లో చేసే మార్పులు ఆ ఆయుధంలోని భద్రతా యంత్రాంగాన్ని ఏ విధంగా ప్రభావితం చేస్తాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ట్రిగ్గర్ విడి భాగం కాదనీ, భద్రతకు సంబంధించిన భాగాలు కూడా దానితోనే ముడిపడి ఉంటాయనీ ఇందులో నిరూపించే ప్రయత్నం జరిగింది. తెలుగు పత్రికల్లో స్థిరపడిన ‘మిస్‌ఫైర్’ అనే మాట ఈ సంబంధాన్ని మరుగుపరుస్తున్న తీరును కూడా పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: పిస్టల్, ట్రిగ్గర్, సియర్, భద్రతా యంత్రాంగం, మిస్‌ఫైర్, పత్రికాభాష, పారిభాషిక పదాలు.

1. ఉపోద్ఘాతం:
జోగులాంబ గద్వాల జిల్లా మానవపాడు ప్రాంత విద్యార్థులకు పత్రికాభాషను బోధిస్తున్న సందర్భంలో, తుపాకి మిస్‌ఫైర్ అయి ఒకరు మరణించారన్న వార్త చర్చకు వచ్చింది. “మిస్సయితే తూటా పేలకూడదు గద సార్, మరి మనిషికెట్ల తగిలె?” అని ఒక విద్యార్థి అడిగాడు. ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి ప్రేరణ.

ఆయుధశాస్త్రంలో మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. టపాసు విషయంలో మనం ‘తుస్సుమంది’ అనే స్థితి అది. తెలుగు వార్తల్లో మాత్రం అనుకోకుండా తూటా పేలడాన్ని ఆ మాటతో సూచిస్తున్నారు. అంటే పూర్తిగా వ్యతిరేకమైన రెండు సంఘటనలకు ఒకే పేరు ఏర్పడింది. ఇది కేవలం పదదోషం కాదు. తూటా ఎందుకు పేలింది, ఎవరు బాధ్యులు అన్న ప్రశ్నలు ఆ పదంతోనే ముగిసిపోతున్నాయి.

2. ట్రిగ్గర్ – ఒక గొలుసుకు మొదటి కొస:
ట్రిగ్గర్ అనగానే వేలితో నొక్కే మీట మాత్రమే మనకు స్ఫురిస్తుంది. పాత వాడుకలోని ‘తుపాకి గుర్రం’ అనే మాటకు సాటిగా హిందీలో ‘ఘోడా’, తమిళంలో ‘కుదిరై’ అనే మాటలున్నాయి. హిందీ ‘ఘోడా’ సందర్భాన్ని బట్టి వేలితో నొక్కే భాగాన్నీ, వెనుక నుండి కొట్టే భాగాన్నీ సూచిస్తుంది. భద్రతను అర్థం చేసుకోవడానికి ఈ రెండింటినీ వేరుచేసి చూడక తప్పదు.

వేలు ట్రిగ్గర్‌ను కదిలిస్తుంది. ఆ కదలిక ఒక కడ్డీ ద్వారా ‘సియర్’ అనే చిన్న కొక్కేన్ని చేరుతుంది. బలమైన స్ప్రింగు ఒత్తిడిలో ఉన్న హ్యామర్‌ను లేదా స్ట్రైకర్‌ను పట్టి ఉంచేది ఈ సియరే. అది పట్టు విడువగానే హ్యామర్ ముందుకు దూకి ఫైరింగ్ పిన్‌ను కొడుతుంది. పిన్ను తూటా అడుగుభాగంలోని ప్రైమర్‌ను తాకగానే మందు అంటుకుంటుంది. కాబట్టి తూటాను పేల్చే శక్తి వేలిది కాదు, స్ప్రింగులో ముందే నిలవ ఉన్నది. వేలు చేసేది ఆ శక్తిని విడుదల చేయడం మాత్రమే.

3. భద్రతా యంత్రాంగం:
ఆ శక్తి అనుకోకుండా విడుదల కాకుండా చూసేవే భద్రతా భాగాలు. వాటిలో ముఖ్యమైనవి నాలుగు.

అ) చేతితో వేసే సేఫ్టీ మీట: ఇది సియర్‌ను గాని, ట్రిగ్గర్‌ను గాని, హ్యామర్‌ను గాని కదలకుండా బంధిస్తుంది.
ఆ) ఫైరింగ్ పిన్ అడ్డు: ట్రిగ్గర్‌ను నొక్కినప్పుడు మాత్రమే ఇది తొలగి పిన్నుకు దారి ఇస్తుంది.
ఇ) ట్రిగ్గర్ మధ్యలోని చిన్న మీట: గ్లాక్ పిస్టళ్లలో ఇది ప్రసిద్ధం. వేలు సరిగా ఆనితేనే ట్రిగ్గర్ కదులుతుంది.
ఈ) మ్యాగజైన్ సేఫ్టీ: మ్యాగజైన్ తీసివేస్తే ట్రిగ్గర్ పనిచేయదు.

ఇవన్నీ ప్రతి పిస్టల్లోనూ ఉండవు. కాని ఏ పిస్టల్లో ఏది ఉన్నా, అది పైన చెప్పిన గొలుసులో ఏదో ఒక లంకెను ఆశ్రయించే ఉంటుంది. అందువల్ల ట్రిగ్గర్‌ను మార్చినవారు, తెలిసినా తెలియకపోయినా, భద్రతను కూడా తాకినట్లే.

4. మార్పులు – పర్యవసానాలు:
ట్రిగ్గర్ తేలికగా, తక్కువ కదలికతో పనిచేస్తే గురి చెదరదని చాలామంది భావన. అందులో కొంత నిజం ఉన్నది. కాని ఆ సౌకర్యానికి మూల్యం వేరొకచోట చెల్లించవలసి వస్తుంది. సియర్, హ్యామర్ ఒకదానినొకటి పట్టుకునే తలం తగ్గితే, కుదుపుకో అరుగుదలకో ఆ పట్టు జారవచ్చు. ట్రిగ్గర్‌ను తిరిగి వెనక్కి నెట్టే స్ప్రింగు బలహీనపడితే అది పూర్వస్థానానికి సరిగా రాకపోవచ్చు. ట్రిగ్గర్ కదలికను కుదిస్తే పిన్ను అడ్డు తొలగవలసిన క్షణం తారుమారు కావచ్చు. హ్యామర్ స్ప్రింగును మెత్తన చేస్తే దెబ్బ చాలక తూటా పేలకపోవచ్చు; అసలైన మిస్‌ఫైర్ అదే. కాబట్టి తేలిక కోసం చేసిన మార్పులు వద్దన్నప్పుడు పేలడానికీ, కావలసినప్పుడు పేలకపోవడానికీ దారితీయగలవు.

బ్రౌనింగ్ హై పవర్ పిస్టల్ దీనికి మంచి ఉదాహరణ. 1935 నాటి ఈ నమూనా ఆధారంగానే ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ మన దళాలకు 9 ఎం.ఎం. పిస్టల్‌ను తయారుచేసింది. హై పవర్‌లోని మ్యాగజైన్ సేఫ్టీ వల్ల ట్రిగ్గర్ బరువుగా, గరుకుగా అనిపిస్తుందని విదేశాల్లో పలువురు దానిని తొలగించారు. ట్రిగ్గర్ నునుపైంది. కాని మ్యాగజైన్ తీశాక ఛాంబర్‌లో ఒక్క తూటా మిగిలి ఉంటే, ఆ పిస్టల్ ఇప్పుడు పేలుతుంది. ‘ఖాళీ అనుకున్న తుపాకి’ ప్రమాదానికి ఉన్న అడ్డు తొలగిపోయింది.

మన పల్లెల్లో మాటిమాటికీ ఫ్యూజు పోతున్నదని మందపాటి తీగ చుట్టడం వంటిదే ఇది. ఇబ్బంది తీరుతుంది; ఆ ఇబ్బంది ఎందుకున్నదో మోటారు కాలినప్పుడు తెలుస్తుంది.

5. ‘బరువు’ – రెండర్థాలు:
‘ట్రిగ్గర్ బరువు’ అనే మాటకు రెండర్థాలున్నాయి. నొక్కడానికి కావలసిన బలం ఒకటి. ఆ లోహభాగపు సొంత బరువు మరొకటి. 2017లో సిగ్ సావర్ సంస్థ పి320 పిస్టల్‌కు స్వచ్ఛంద మార్పు పథకాన్ని ప్రకటించింది. కొన్ని కోణాల్లో కింద పడినప్పుడు అది పేలగలదని పరీక్షల్లో తేలడమే కారణం. పడిన వేగానికి ట్రిగ్గర్ తన బరువుతోనే వెనక్కి కదలడం అక్కడి సమస్య. పరిష్కారంగా అమర్చిన భాగాల్లో తేలికైన ట్రిగ్గర్ ఒకటి. ఇక్కడ తేలికే భద్రత.

అదే విధంగా నొక్కే బలాన్ని పెంచడమే భద్రత అనుకోవడమూ పొరపాటే. న్యూయార్క్ పోలీసులు తమ పిస్టళ్ల ట్రిగ్గర్‌కు సుమారు 5.4 కిలోల బలం అవసరమయ్యేలా నిర్దేశించుకున్నారు. మామూలు గ్లాక్‌కు అందులో సగం చాలు. అంత బిగువు వల్ల గురి దెబ్బతినే అవకాశం ఉన్నందున, తేలికైన ట్రిగ్గర్‌ను పరిశీలించాలని ర్యాండ్ సంస్థ 2008 నివేదికలో సూచించింది. గురి తప్పిన తూటా కూడా దారినపోయేవారికి ప్రమాదమే.

6. క్రీడా నియమాలు, చట్టం:
తేలిక ఎంతవరకు అనుమతించదగినదో క్రీడారంగం స్పష్టంగా నిర్ణయించింది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం 25 మీటర్ల పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములను, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ 500 గ్రాములను మోయాలి. తూకపురాయిని ట్రిగ్గర్‌కు తగిలించి పైకెత్తి పరీక్షిస్తారు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచిన హైదరాబాద్ క్రీడాకారిణి ఈషా సింగ్ పోటీపడింది ఈ నియమాలకు లోబడే. అయితే ఆ తేలిక వెనుక రేంజి అధికారి ఆజ్ఞలు, ఛాంబర్ ఖాళీ అని చూపే నారింజరంగు సేఫ్టీ ఫ్లాగు ఉన్నాయి. ఆ వాతావరణం లేనిచోట ఆ తేలిక ప్రమాదకరం.

మన ఆయుధచట్టం (1959) ఐదవ సెక్షన్ తయారీ, అమ్మకాలతో పాటు ఆయుధాల మార్పిడిని, మరమ్మతును కూడా లైసెన్సు పరిధిలోకి తెచ్చింది. మరమ్మతు కూడా తయారీ అంత బాధ్యతగల పని అన్న దృష్టి ఇందులో కనిపిస్తుంది.

7. ముగింపు:
• ట్రిగ్గర్, భద్రతా భాగాలు ఒకే గొలుసులోని లంకెలు. ఒకదానిని సవరిస్తే మరొకదానిని తిరిగి పరీక్షించవలసిందే.
• తేలిక గాని, బిగువు గాని తనంతట తాను భద్రత కాదు. ఆయుధ నిర్మాణం, వాడే సందర్భం, శిక్షణ కలిసి దానిని నిర్ణయిస్తాయి.
• ఏ సేఫ్టీ కూడా మనిషి జాగ్రత్తకు బదులు కాదు. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచడం, ఛాంబర్‌ను కంటితో చూసుకోవడం ప్రాథమిక నియమాలు.
• పత్రికాభాషలో ‘మిస్‌ఫైర్’ను తూటా పేలని సందర్భానికే పరిమితం చేయడం సముచితం. తక్కిన వాటిని ‘యంత్రలోపం వల్ల పేలిన తుపాకి’, ‘అజాగ్రత్త వల్ల పేలిన తుపాకి’ అని వేరుచేయవచ్చు. కారణం తేలేవరకు ‘అనుకోకుండా పేలిన తుపాకి’ అంటే చాలు.

మానవపాడు విద్యార్థి అడిగిన ప్రశ్నకు సమాధానం ఇదే: తుపాకి మిస్ కాలేదు, దానిలోనో, దానిని పట్టుకున్న చేతిలోనో ఒక జాగ్రత్త మిస్సయింది. అది ఏదో విచారించేలా చేసే మాటనే వార్తలో వాడాలి.