పల్లె ఆరోగ్య కార్యకర్తలకు మనోచికిత్సా శిక్షణము

శరీరమునకువలెనే మనస్సునకును వ్యాధులు కలుగును. ఎంతకును వీడని విచారము సోమరితనము కాదు, దయ్యము పట్టుటయు కాదు. అది చికిత్సకు లొంగు వ్యాధి. కాని మానసిక వైద్యులు పట్టణములయందే ఎక్కువగా నుందురు. మరి పల్లెలవారికి దిక్కెవరు?

గోవాలోని ‘సంగత్’ సంస్థవారు ఇందుకొక మార్గము చూపిరి. వైద్యపట్టము లేనివారికి శిక్షణ నిచ్చి, రోగితో ఆరు మొదలు ఎనిమిది పర్యాయములు మాటలాడించిరి. రోగి మానుకొనిన పనులను కొద్దికొద్దిగా మరల చేయించుటయే ఈ చికిత్సలోని కీలకము. పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో జరిగిన ఈ పరిశోధన ఫలితములు 2017లో వెలువడెను. సాధారణ వైద్యము మాత్రమే పొందినవారికంటె ఈ చికిత్సయు పొందినవారిలో ఎక్కువమంది కోలుకొనిరి.

అనంతరము మధ్యప్రదేశ్‌లోని సీహోర్ జిల్లాలో ఆశా కార్యకర్తలకు ఈ విద్యనే చేతిఫోను ద్వారా బోధించిరి. అర్థము కాని పాఠమును మరల మరల చూడవచ్చును. ఊరు విడిచి పోనక్కరలేదు. అయినను యంత్రమొక్కటే చాలదు. ఎదుటివారి మాటను ఓపికతో వినుట అభ్యాసమువలననే అలవడును. అందులకు అనుభవజ్ఞుల పర్యవేక్షణ ఆవశ్యకము.

మనోవ్యథను చెప్పుకొనుటకు మాతృభాషయే తగినది. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ ‘టెలీ మానస్’ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేసి తెలుగులోను మాట్లాడవచ్చును. తల్లిదండ్రులారా! ఇంట మూగబోయిన బిడ్డను గద్దింపక, చెంత కూర్చుండి వినుడు. రెండు వారములు గడచినను విచారము వీడనిచో, జాగు చేయక వైద్యునకు చూపుడు.